మైలేజీ పెంచే డ్రైవింగ్: ఏ అలవాటు ఎంత ఆదా చేస్తుంది, ఏది ప్రమాదం?

కారు కొనేటప్పుడు షోరూమ్‌లో చాలామంది అడిగే మొదటి ప్రశ్న ‘మైలేజీ ఎంతిస్తుంది?’ అక్కడ ఒక అంకె చెబుతారు. ఆరు నెలలు నడిపాక ఇంటికొచ్చిన బంధువు అదే ప్రశ్న అడిగితే మనం చెప్పే అంకె వేరుగా ఉంటుంది. లీటరుకు 20 కిలోమీటర్లు ఇస్తుందనుకున్న కారు సిటీలో 13, 14 దగ్గరే ఆగిపోతుంది.

ఈ తేడాలో కొంత ట్రాఫిక్‌ది, కొంత రోడ్డుది, కొంత ఏసీది. మిగిలింది నడిపే మనిషిది. దూకుడుగా యాక్సిలరేటర్ తొక్కి, అంతే దూకుడుగా బ్రేకు వేసే అలవాటు వల్ల హైవే మీద 15 నుంచి 30 శాతం, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం మైలేజీ తగ్గవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. పైసా ఖర్చు లేకుండా మార్చుకోగలిగింది కూడా ఇదొక్కటే.

హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు ధర తొలిసారి వంద రూపాయలు దాటింది 2021 జూన్‌లో. మనం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా విదేశాల నుంచే వస్తోంది. ఆ దిగుమతికి డాలర్లు లేకపోతే ఏమవుతుందో 2022లో పక్కనే ఉన్న శ్రీలంకలో చూశాం. అక్కడ క్యూఆర్ కోడ్ చూపిస్తే కారుకు వారానికి 20 లీటర్లే పోశారు. మన దగ్గర అంత పరిస్థితి రాకపోయినా, నెల జీతంలో పెట్రోలు వాటా ఎంతో ప్రతి ఇంటికీ తెలుసు.

ఈ వ్యాసంలో లెక్కలు సులువుగా ఉండడానికి లీటరు పెట్రోలు 110 రూపాయలు అనుకుందాం.

కంపెనీ చెప్పిన మైలేజీ ఎందుకు రాదు?

కంపెనీలు చెప్పే అంకె అబద్ధం కాదు. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి గుర్తింపు పొందిన సంస్థలు పరీక్షించి ఇచ్చేదే అది. కాకపోతే ఆ పరీక్ష రోడ్డు మీద జరగదు. ప్రయోగశాలలో రోలర్ల మీద కారును నిలబెట్టి, ముందే నిర్ణయించిన వేగాల పట్టిక ప్రకారం సుమారు 20 నిమిషాలు నడుపుతారు. మన దేశంలో వాడుతూ వచ్చిన పరీక్షా విధానంలో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లే. వేగం పెరగడం, తగ్గడం మెల్లగా జరుగుతాయి. ఏసీ ఆన్‌లో ఉండదు. గుంతలు, అడ్డం వచ్చే ఆటోలు, మే నెల ఎండ ఏవీ ఉండవు.

అందుకే ఆ అంకెను రెండు మోడళ్లను పోల్చడానికి వాడుకోవాలి. మన ఇంటి బడ్జెట్ వేసుకోవడానికి అది పనికిరాదు.

ప్రతి బ్రేకుకూ ఒక ధర ఉంది

పెట్రోలులో ఉన్న శక్తిలో చక్రాల దాకా చేరేది దాదాపు పావు వంతు. మిగిలింది ఇంజిన్ వేడిగా, పొగగా పోతుంది. చక్రాలకు చేరిన ఆ కాస్త శక్తితోనే కారు వేగం అందుకుంటుంది. బ్రేకు తొక్కగానే ఆ వేగమంతా బ్రేకుల దగ్గర వేడిగా మారిపోతుంది. అంటే డబ్బు పెట్టి కొన్న వేగాన్ని మనమే పారేస్తున్నాం.

ఎంత పారేస్తున్నామో లెక్క వేయవచ్చు. మనుషులతో కలిపి 1,200 కిలోల బరువున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి కావలసిన శక్తి కోసం సుమారు 20 మిల్లీలీటర్ల పెట్రోలు ఖర్చవుతుంది. ఆ వేగం నుంచి కారును పూర్తిగా ఆపితే పోయేది రెండు రూపాయల పైచిలుకు. అదే 40 దగ్గర నుంచి ఆపితే పోయేది సుమారు ఒక రూపాయి. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే పారేసే శక్తి రెండు రెట్లకు పైగా పెరుగుతుంది.

ఎల్బీ నగర్ నుంచి హైటెక్ సిటీకి వెళ్లే మనిషి దారిలో ఎన్నిసార్లు పూర్తిగా ఆగుతాడో లెక్కపెట్టుకుంటే ఈ అంకెల బరువు తెలుస్తుంది. రెండు వందల మీటర్ల దూరంలో ఎర్ర లైటు కనిపిస్తున్నా, ముందున్న ఖాళీలో 60 దాకా తొక్కి, చివర్లో గట్టిగా బ్రేకు వేస్తే మిగిలేది ఏమీ లేదు. అదే సిగ్నల్ దగ్గరకే చేరతాం. పక్కన నెమ్మదిగా వచ్చిన కారు కూడా అక్కడికే వస్తుంది.

కాబట్టి మైలేజీకి అన్నిటికంటే పెద్ద అలవాటు దూరం చూడడం. ముందున్న బండి వెనక లైట్లను మాత్రమే కాకుండా, దాని ముందున్న రెండు మూడు బండ్లను గమనించాలి. ఆగక తప్పదని తెలిసిన క్షణంలోనే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయాలి. గేరులోనే ఉంచి కారును దానంతట అదే నెమ్మదించనివ్వాలి. చాలాసార్లు మనం చేరేలోపే లైటు పచ్చగా మారుతుంది. పూర్తిగా ఆగి కదలడం కంటే 20 వేగంలో ఉండగా మళ్లీ అందుకోవడం చాలా చవక. స్పీడ్ బ్రేకర్ల దగ్గరా ఇదే సూత్రం.

‘ముందు ఖాళీ వదిలితే ఆటో దూరుతుంది కదా?’ అన్న ప్రశ్న మన రోడ్ల మీద సహజం. నిజమే, దూరుతుంది. అప్పుడు మళ్లీ కాస్త కాలు తీసి ఇంకో ఖాళీ ఏర్పరచుకోవాలి. అలా ఒక్కో బండికి దారి ఇవ్వడం వల్ల పోయేది రెండు మూడు సెకన్లు. ఎవరినీ దూరనివ్వకూడదని ముందు బండికి అతుక్కుని నడిపితే అది బ్రేకు వేసిన ప్రతిసారీ మనమూ వేయాలి. ఢీకొనే ప్రమాదం అదనం.

మరీ మెల్లగా ఎత్తుకోవాలా?

అక్కర్లేదు. మైలేజీ కోసం కారును నత్తలా కదిలించేవాళ్లు ఉంటారు. దానివల్ల కింది గేర్లలో ఎక్కువసేపు గడుస్తుంది, లాభం ఉండదు. ఓ మోస్తరు చురుగ్గా వేగం అందుకుని, త్వరగా పై గేరుకు మారడమే మంచి పద్ధతి. ఒకే వేగంలో ఇంజిన్ ఎంత నెమ్మదిగా తిరిగితే అంత తక్కువ ఇంధనం తాగుతుంది.

మామూలు పెట్రోలు కారులో 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య, డీజిల్ కారులో 1,500 నుంచి 2,000 మధ్య పై గేరుకు మారవచ్చు. చాలా కార్లలో గేరు మార్చమని డాష్‌బోర్డు మీద బాణం గుర్తు వస్తుంది, దాన్ని పట్టించుకుంటే చాలు. అయితే ఎత్తు ఎక్కేటప్పుడో, నిండుగా మనుషులున్నప్పుడో ఇంజిన్ గుర్రుమంటూ వణికితే వెంటనే కింది గేరుకు రావాలి. ఆ సమయంలో పై గేరులోనే తొక్కిపట్టడం ఇంజిన్‌కు మంచిది కాదు.

ఆటోమేటిక్, ఏఎంటీ కార్లలో గేరు మన చేతిలో ఉండదు కానీ కాలు మన చేతిలోనే ఉంటుంది. వేగం అందాక యాక్సిలరేటర్‌ను కొంచెం వదిలితే గేర్‌బాక్స్ పై గేరుకు మారుతుంది. ఒక్కసారిగా నేలకు తొక్కితే కింది గేరుకు దిగి పెట్రోలు తాగుతుంది. చిన్న టర్బో ఇంజిన్లున్న కార్లకు ఈ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. నెమ్మదిగా నడిపితే అవి చిన్న ఇంజిన్‌లా పొదుపు చేస్తాయి, తొక్కితే పెద్ద ఇంజిన్‌లా తాగుతాయి.

హైవే మీద: అరగంట ఖరీదు ఎంత?

సిటీలో శత్రువు బ్రేకు అయితే హైవేలో శత్రువు గాలి. కారును వెనక్కి నెట్టే గాలి ఒత్తిడి వేగంతో సమానంగా పెరగదు, వేగానికి వర్గంగా పెరుగుతుంది. 80 నుంచి 100కు వెళ్తే ఆ ఒత్తిడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 120కి వెళ్తే 80తో పోల్చినప్పుడు రెండుంపావు రెట్లు అవుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 దాకా అనుమతి ఉండవచ్చు. ఆ వేగానికి అయ్యే బిల్లు మాత్రం మనదే.

చమురు పొదుపు కోసం కేంద్ర ప్రభుత్వం 1978లో ఏర్పాటు చేసిన పీసీఆర్ఏ ఏళ్లుగా ఒక మాట ప్రచారం చేస్తోంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 45 నుంచి 55 మధ్య నడిపితే 40 శాతం దాకా ఎక్కువ మైలేజీ వస్తుందని. నాలుగు వరుసల హైవే మీద 50తో వెళ్లడం ఆచరణలో కష్టం, కొన్నిచోట్ల ప్రమాదం కూడా. ఇప్పటి కార్లకు టాప్ గేరులో నిలకడగా 70 నుంచి 80 మధ్య వెళ్లడం మంచి రాజీ.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో 200 కిలోమీటర్లు ఖాళీ రోడ్డు దొరికిందనుకుందాం. 80తో వెళ్తే రెండున్నర గంటలు, 100తో వెళ్తే రెండు గంటలు. 80 దగ్గర లీటరుకు 20 ఇచ్చే కారు 100 దగ్గర 16, 17 ఇస్తుందనుకుంటే అదనంగా ఖర్చయ్యేది సుమారు రెండు లీటర్లు, అంటే 220 రూపాయలు. అరగంటకు అంత ఖర్చు సమంజసమేనా అన్నది ఎవరికి వారు తేల్చుకోవచ్చు. ఆస్పత్రికి వెళ్తుంటే ఒక జవాబు, పెళ్లికి వెళ్తుంటే ఇంకో జవాబు ఉండవచ్చు.

హైవేలో ఇంకొక నష్టం ఉంది. 110కి తొక్కడం, లారీ వెనక 60కి రావడం, మళ్లీ 110కి తొక్కడం. సగటు వేగం 80 దగ్గరే ఉంటుంది కానీ ఖర్చు మాత్రం 110ది. నిలకడగా వెళ్లడమే మేలు. చదునైన ఖాళీ రోడ్డు మీద క్రూయిజ్ కంట్రోల్ ఇందుకు సాయపడుతుంది. ఎత్తుపల్లాల రోడ్ల మీద, వర్షంలో దాన్ని వాడకపోవడం మంచిది.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపాలా?

కదలకుండా నిలబడిన కారు మైలేజీ సున్నా. చిన్న పెట్రోలు కారు అలా ఆన్‌లో ఉంటే గంటకు సుమారు ముప్పావు లీటరు తాగుతుంది. ఏసీ నడుస్తుంటే ఇంకా ఎక్కువ. రోజుకు పది నిమిషాల చొప్పున ఏడాదికి 300 రోజులు ఇలా గడిస్తే 50 గంటలు అవుతుంది. అంటే 37 లీటర్లకు పైగా, సుమారు నాలుగు వేల రూపాయలు.

మళ్లీ స్టార్ట్ చేస్తే ఎక్కువ పెట్రోలు పోతుందన్నది కార్బురేటర్ కాలపు నమ్మకం. ఇప్పటి ఇంజిన్లలో పది సెకన్లకు మించి ఐడ్లింగ్‌లో ఉంచితే, ఆపి మళ్లీ స్టార్ట్ చేయడానికయ్యే ఇంధనం కంటే ఎక్కువే ఖర్చవుతుంది. ఢిల్లీ ప్రభుత్వం కాలుష్యం తగ్గించడానికి 2020 అక్టోబరులో ఎర్ర లైటు దగ్గర బండి ఆపేయాలని పెద్ద ప్రచారమే నడిపింది.

ఆచరణలో, సిగ్నల్ టైమర్ మీద 30 సెకన్లకు పైగా కనిపిస్తే ఆపడం లాభం. స్కూలు గేటు ముందు, రైల్వే గేటు దగ్గర, ఎవరికోసమో ఎదురుచూస్తున్నప్పుడు ఆపడం తప్పనిసరి అలవాటు కావాలి. అడుగడుగునా కదులుతూ ఉండే జామ్‌లో ఆపాల్సిన పనిలేదు. బ్యాటరీ పాతబడిన కారులో కూడా మాటిమాటికీ ఆపి స్టార్ట్ చేయకపోవడం మంచిది.

పొద్దున్నే ఇంజిన్ వేడెక్కాలని ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచే అలవాటూ పాతదే. స్టార్ట్ చేసి, సీటు బెల్టు పెట్టుకుని బయల్దేరవచ్చు. మొదటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే చాలు.

ఏసీ ఎంత తింటుంది?

మన వాతావరణంలో ఏసీ వద్దని చెప్పడం సలహా కాదు. బాగా వేడి రోజుల్లో, ముఖ్యంగా చిన్న ప్రయాణాల్లో ఏసీ వల్ల మైలేజీ 25 శాతానికి పైగా తగ్గవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. చిన్న ప్రయాణాల్లోనే నష్టం ఎక్కువ ఎందుకంటే, మరిగిన కారును చల్లబరచడానికే అసలు శక్తి ఖర్చవుతుంది. చల్లబడ్డాక దాన్ని అలా ఉంచడానికి అంత అక్కర్లేదు.

అందుకే కారు ఎక్కాక ముందు అద్దాలు దించి ఒకటి రెండు నిమిషాలు నడిపి లోపలి వేడిగాలిని బయటకు పోనివ్వాలి. తర్వాత అద్దాలు ఎత్తి ఏసీ వేసి, లోపలి గాలే తిరిగేలా మీట మార్చాలి. నీడలో పార్క్ చేయడం, ముందు అద్దానికి తెర పెట్టడం కూడా పెట్రోలు ఆదా చేసే పనులే. సిటీలో నెమ్మదిగా వెళ్తూ వాతావరణం బాగుంటే అద్దాలు దించుకోవచ్చు. హైవే వేగంలో అద్దాలు దించితే గాలి అడ్డు పెరుగుతుంది కాబట్టి అక్కడ మూసి ఏసీ వేసుకోవడమే సుఖం.

టైర్లు, డిక్కీ, పైన క్యారియర్

టైర్లలో గాలి తక్కువైతే మైలేజీ తగ్గుతుందన్నది నిజమే కానీ చాలామంది అనుకున్నంత కాదు. నాలుగు టైర్లలో సగటున ఒక పీఎస్ఐ తగ్గితే సుమారు 0.2 శాతం. ఎనిమిది పీఎస్ఐ తగ్గినా రెండు శాతం దాటదు. గాలి చూసుకోవడానికి అసలు కారణం వేరే ఉంది. గాలి తక్కువున్న టైరు ఎండాకాలం హైవే మీద విపరీతంగా వేడెక్కి పేలిపోవచ్చు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన స్టిక్కర్ మీద ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు అంత కొట్టించుకోవాలి. మైలేజీ కోసం అంతకు మించి కొట్టిస్తే రోడ్డు మీద పట్టు తగ్గుతుంది.

అదనంగా 45 కిలోల బరువు మోస్తే మైలేజీ సుమారు ఒక శాతం తగ్గుతుంది. డిక్కీలో నెలల తరబడి తిరిగే సామాను దించేస్తే అంతవరకూ లాభం. పైన సామాన్ల పెట్టె ఉంటే నష్టం ఇంకా ఎక్కువ. హైవే మీద 6 నుంచి 17 శాతం దాకా ఉంటుంది. తీర్థయాత్ర అయిపోయాక దాన్ని విప్పి ఇంట్లో పెట్టాలి.

న్యూట్రల్‌లో దిగడం: ఆదా లేదు, ప్రాణాపాయం ఉంది

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే పెట్రోలు మిగులుతుందని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కార్బురేటర్ కార్లలో ఈ మాటకు కొంత ఆధారం ఉండేది. ఇప్పుడు లేదు.

ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న ఇప్పటి కారు గేరులో ఉండి, యాక్సిలరేటర్ మీద కాలు లేకుండా దిగుతుంటే కంప్యూటర్ ఇంజిన్‌కు ఇంధనం పూర్తిగా ఆపేస్తుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి. న్యూట్రల్ చేస్తే చక్రాలకూ ఇంజిన్‌కూ సంబంధం తెగిపోతుంది. అప్పుడు ఇంజిన్ ఆగిపోకుండా ఉండడానికి పెట్రోలు పోయాల్సి వస్తుంది. అంటే ఘాట్‌లో న్యూట్రల్ చేసినవాడే ఎక్కువ ఖర్చు చేస్తున్నాడు.

అసలు ప్రమాదం బ్రేకులతో. గేరులో ఉన్నప్పుడు ఇంజిన్ కూడా కారును పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో భారమంతా బ్రేకుల మీదే. శ్రీశైలం, అరకు, తిరుమల లాంటి ఘాట్లలో కిలోమీటర్ల కొద్దీ బ్రేకు తొక్కుతూ దిగితే అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఇంజిన్ ఆపేసి దిగడం ఇంకా ఘోరం. రెండు మూడుసార్లు తొక్కాక బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. తాళం తీసేస్తే స్టీరింగ్ లాక్ కూడా కావచ్చు. ఘాట్ ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగాలన్న పాత డ్రైవర్ల మాట ఇప్పటికీ సరైనదే.

మరికొన్ని నమ్మకాలు

పొద్దున్నే కొట్టిస్తే పెట్రోలు చిక్కగా ఉండి ఎక్కువ వస్తుందా? బంకుల్లో పెట్రోలు భూమిలోపలి ట్యాంకుల్లో ఉంటుంది. అక్కడ పగలూ రాత్రీ ఉష్ణోగ్రత పెద్దగా మారదు. లాభం లేదు.

ప్రీమియం పెట్రోలుతో మైలేజీ పెరుగుతుందా? ఎక్కువ ఆక్టేన్ కోసం తయారుచేసిన ఇంజిన్‌కే దానితో పని. కారుతో ఇచ్చిన పుస్తకంలో అలా రాసి లేకపోతే అదనపు డబ్బు వృథా.

ఎయిర్ ఫిల్టర్ మారిస్తే? ఇంజెక్షన్ ఇంజిన్లలో మురికి ఫిల్టర్ వల్ల పికప్ తగ్గుతుంది కానీ మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాదు. అయినా మన దుమ్ములో ఇంజిన్ క్షేమం కోసం దాన్ని సమయానికి మార్చాల్సిందే.

ఈ20 సంగతేంటి?

2023 నుంచి బంకుల్లోకి వచ్చిన ఈ20 పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో ఉండేదానికంటే సుమారు మూడో వంతు తక్కువ. ఈ10కు సరిపోయేలా మార్చిన పాత తరహా కార్లలో మైలేజీ 6, 7 శాతం, ఈ20కి అనుగుణంగా ట్యూన్ చేసిన కార్లలో 1, 2 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. కాబట్టి ఇప్పటి మైలేజీని ఐదేళ్ల కిందటి దానితో పోల్చుకునేటప్పుడు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి. తగ్గినదంతా మెకానిక్ తప్పో, డ్రైవర్ తప్పో కాకపోవచ్చు.

మీ మైలేజీ మీరే కొలవండి

డాష్‌బోర్డు మీద కనిపించే అంకె పోల్చుకోవడానికి బాగుంటుంది కానీ తరచూ కొంచెం ఎక్కువే చూపిస్తుంది. నమ్మకమైన పద్ధతి ఇది. ట్యాంకు నింపించి, పంపు ఆటోమేటిక్‌గా ఆగిన చోటే ఆపించండి. ట్రిప్ మీటర్‌ను సున్నా చేయండి. మూడు, నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర మళ్లీ అలాగే నింపించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. 390 కిలోమీటర్లకు 26 లీటర్లు పడితే మైలేజీ 15.

ఒక ట్యాంకు మామూలుగా నడిపి, తర్వాతి ట్యాంకు అదే దారిలో కాలు ముందే తీసే అలవాటుతో నడిపి చూడండి. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే కారు మైలేజీ 15 నుంచి 16.5కి పెరిగితే 70 లీటర్లకు పైగా, అంటే సుమారు ఎనిమిది వేల రూపాయలు మిగులుతాయి. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి గాలిలోకి పోయే పొగ కూడా 160 కిలోల మేర తగ్గుతుంది.

అన్నీ ఒకేసారి మార్చుకోనక్కర్లేదు. సిటీలోనే తిరిగేవారు ముందు చూపు, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపడం అనే రెండింటితో మొదలుపెట్టవచ్చు. హైవే ఎక్కువగా తిరిగేవారు వేగాన్ని 100 నుంచి 80, 85కి తగ్గించి చూడవచ్చు. ఘాట్ దిగేవారు మాత్రం న్యూట్రల్ అలవాటును ఈ రోజే మానేయాలి.